ముద్ర వేసిన బరువు

లావుగా ఉన్న ఆడవాళ్లకి ఈ లోకంలో ఎక్కడైనా నిఖార్సయిన మర్యాద దొరికిందంటే, అది మా ఎలుగుమెట్ట ఘాట్ రోడ్డు మీదే. అదీ చలికాలంలోనే.

గురువారం పెదగెడ్డ సంత ముగిశాక మా పికప్ బళ్లవాళ్లందరం ఖాళీ బళ్లతో కొండెక్కాలి. అప్పుడు మా కళ్లన్నీ బుడ్డమ్మ పిన్ని కోసం వెతికేవి. పిన్ని నిండైన మనిషి. ఇంట్లో రెండోసారి అన్నం పెట్టుకుంటే మూతి ముడిచే కోడలున్న ఆ మనిషికి సంతలో ముగ్గురు డ్రైవర్లు ఎదురెళ్లేవారు. "పిన్నీ, నా బండిలో గోనె పరిసినాను, మెత్తగా ఉంటాది" అని ఒకడు. "పిన్నీ, ఏడేడి బజ్జీలు తెచ్చినాను, తిను" అని ఇంకొకడు. తింటే ఆ బరువు కూడా వాడి బండికే కదా, అదీ వాడి తెలివి.

సంగతేమిటంటే, పికప్ బండికి ఊపంతా వెనక చక్రాల్లో ఉంటుంది. కొండ దిగేటప్పుడు కేబేజీ, రాజ్మా నిండుగా ఉంటాయి గనక బండి బుద్ధిగా రోడ్డుని పట్టుకుని దిగుతుంది. సరుకు దింపేసి తిరిగొచ్చేటప్పుడు వెనకంతా తేలిక. ధనుర్మాసంలో పొగమంచు సిల్వర్ ఓక్ చెట్ల మీద నుంచి చినుకుల్లా రాలుతూనే ఉంటుంది. దానికి టైర్లు మోసుకొచ్చిన ఎర్రమట్టి తోడయితే, తారు రోడ్డు ఆముదం రాసిన పెనమే. గేరేసి తొక్కితే వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం మెల్లగా లోయవైపు చూస్తుంది. అందుకని వెనక ఇరుసు మీద బరువుండాలి. ఆ బరువు ఎక్కడుంది? సంత ముగించుకుని తొమ్మిది కిలోమీటర్లు కొండెక్కాల్సిన ఆడవాళ్ల దగ్గరుంది. మా ఊరు వలిసెలగరువుకి బస్సు రాదు. వస్తుందని బోర్డు మాత్రం నా చిన్నప్పటి నుంచీ ఉంది. బండెక్కితే వాళ్లకి కాళ్లు మిగిలేవి, మాకు బండి మిగిలేది. ఛార్జీ లేదు, టిక్కెట్టు లేదు. ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, మా నాన్న జీపు తోలే రోజులకే ఇది పాత అలవాటు.

ఈ బరువులందరికీ పెద్ద మా కాసులమ్మత్త. మా నాన్నకి అక్క. పట్టు విషయంలో ఆవిడ వల్ల బండికి దమ్మిడీ లాభం లేదు, ఎండుపుల్లలా ఉంటుంది. కానీ ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది ఆవిడే. "ఓలె బుడ్డీ, సివర్న కూకోకు, ముందు సక్రాలు లెగిసిపోతాయి. ఇరుసు మీదకి రా. ఇంకా రా. నీ మొగుడు పక్కన కూకున్నట్టు ఆ సిగ్గేటి?" అని కేకలేసేది. తొమ్మిది కిలోమీటర్లూ ఆ నోరు మూతపడేది కాదు. బండి హారన్ పనిచేయని రోజున కూడా ఎదుటి బళ్లు పక్కకి తప్పుకునేవి.

అత్త సంతలో అల్లం, పసుపుకొమ్ములు అమ్ముతుంది. మోకాళ్లు రెండూ ఎప్పుడో అరిగిపోయాయి. కొడుకు "ఇంక సంత మానేసి ఇంటికాడ కూకో" అని పోరుతూనే ఉంటాడు. "ఇంటికాడ కూకుంటే నాను బతికున్నానో సచ్చిపోనానో నాకే తెలీదురా" అంటుంది. మిగతా ఆరు రోజులూ ఆవిడ గురువారం కోసమే బతుకుతుంది. బండి ఎక్కించుకునేవాడుంటే సంత ఉంది. లేకపోతే లేదు. అంతే లెక్క.

ఇంత సుఖంగా ఒక పని సాగిపోతుంటే ప్రభుత్వానికి బెంగ పుట్టడం సహజం. పుట్టింది. ఘాట్ రోడ్ల భద్రతా విభాగానికి ప్రత్యేకాధికారిగా భువనమోహనరావు గారు వచ్చారు. మంచి మనిషి. వెటకారం కాదు, నిజంగానే మంచి మనిషి. చెడ్డ అధికారితో ఎలాగో నెగ్గుకు రావచ్చు, మధ్యాహ్నమయ్యేసరికి భోజనానికి పోతాడు. మంచి చేద్దామనుకునే అధికారి భోజనానికి కూడా పోడు.

ఆయన ఏదో చలిదేశంలో పికప్ బళ్ల వెనక ఇసకబస్తాలు వేసుకుని మంచులో నడపడం ఫోనులో చూశారట. వెంటనే మా డ్రైవర్లందర్నీ మార్కెట్ యార్డుకి పిలిపించారు.

"సోదరులారా! చక్రమునకును రహదారికిని మధ్య గల ఘర్షణ సంబంధమును బలోపేతం చేయడమే 'గట్టిపట్టు' పథకం యొక్క పరమ లక్ష్యం. తేలికదనమే ప్రమాదాలకు మూలం. బరువే భద్రత!"

మాకు భలే సంతోషమేసింది. మేం ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనికి ఇంత పెద్ద పేరుందని అప్పుడే తెలిసింది. నేను లేచి నిలబడి, "సార్, నా పేరు బొంజుబాబండి. మేం ఇప్పటికే బరువేసుకునే ఎల్తన్నామండి. సంత ఆడోళ్లని ఎనక్కాల కూకోబెడతామండి" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "మానవులను! భారముగా! వినియోగించుటయా!" అని చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. కాసేపటికి తేరుకుని, "మనుషులు బరువు కారయ్యా. మనుషులు మనుషులే" అన్నారు. ఆ మాట మాక్కూడా ఎంతో బావుంది. అందరం చప్పట్లు కొట్టాం. మా గొయ్యి మేమే తవ్వుకున్నామని మర్నాడు ఉత్తర్వు వచ్చాక తెలిసింది.

ఉత్తర్వు ప్రకారం, చలికాలమంతా ఘాట్ మీద తిరిగే ప్రతి పికప్ బండిలోనూ వెనక ఇరుసు మీద నాలుగు ఇసకబస్తాలుండాలి. మనుషులెక్కకూడదు. పోనీ అత్తని నా పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకుందామంటే అదీ కుదరదు. ముందు బరువు పెరిగితే ఆ మేరకు వెనక పట్టు తగ్గునని ఆయనే స్వయంగా ఆలోచించి ముందు సీటుని కూడా నిషేధించారు. కొండ దిగేటప్పుడు మాత్రం ముందు సీటుకి మినహాయింపు ఇచ్చారు. అంటే అత్త సంతకి రావచ్చు, ఇంటికి పోకూడదు.

మొదటి గురువారం కేబేజీ నింపుకుని బయల్దేరితే, ఈ పథకం కోసం కొండమీద కొత్తగా పెట్టిన గేటు దగ్గర కాపలా గౌరునాయుడు ఆపాడు. విజయనగరం వైపు మనిషి. ఎవరికీ కీడు తలపెట్టడు, రాసిచ్చింది తప్ప ఇంకోటి చెయ్యడు.

"ఇసకేదీ?"

"నిండా కేబేజీ ఉంది కదా బాబూ. బండి కదల్లేక కదుల్తంది. ఇంకా బరువెందుకు?"

"కేబేజీ సరుకు. బరువు కాదు."

"సరుక్కి బరువుండదా?"

"ఉంటాది. కానీ అది బరువు కింద రాదు. ఖాళీ బండి, నిండు బండి అని ఇందులో రాయలేదు. అందరికీ సమానం."

సమానత్వం అన్నాక ఇంకేమంటాం? కేబేజీ మీద ఇసక ఎక్కించుకుని కిందికి దిగాను. కింద తూకం గేటు. ఇంకో శాఖ వాళ్లది. "ఓవర్ లోడు. దింపు" అన్నారు. ఇసక దింపితే పై గేటువాళ్లు ఊరుకోరు గనక కేబేజీ దింపాను. ఆ చలికాలం తూకం గేటు దగ్గర తిరిగే ఆవులు బుడ్డమ్మ పిన్నికి పోటీ వచ్చేలా తయారయ్యాయి.

రెండో వారం ఇసక శాఖవాళ్లు ఆపారు. "ఇసకకి బిల్లేదీ?" అన్నారు. ఇది అమ్మే ఇసక కాదండీ, బండి జారకుండా వేసుకున్నది, ఈ నాలుగు బస్తాలే వారం నుంచీ ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి అని మొత్తుకున్నాను. వాళ్లు నేను గేటు దాటిన ప్రతిసారీ నాలుగు బస్తాలు చొప్పున కూడుకుంటూ పోయారు. వాళ్ల లెక్కలో నేను వారం రోజుల్లో ఒక ఏరుని ఖాళీ చేశాను.

మా బళ్లు పట్టుకుపోతారన్న దశలో భువనమోహనరావు గారు మూడు శాఖలనీ కూర్చోబెట్టి సమన్వయ సమావేశం పెట్టారు. ఇసక రద్దయింది. దాని బదులు సిమెంటు దిమ్మలు పోయించారు. ఒక్కొక్కటీ యాభై కిలోలు. ప్రతిదాని మీదా ఎర్రరంగుతో ప్రభుత్వ ముద్ర. పేరు 'ప్రామాణిక జడభారం'. కొండ కింద కూడా ఒక గేటు పెట్టారు. ఆ కిందిగేటు దగ్గర నాలుగు ఎక్కించుకుని, పైగేటు దగ్గర దింపేసి పోవాలి. దిగేటప్పుడు సరుకుంటుంది గనక అక్కర్లేదని మా మొర ఆలకించి సడలింపు కూడా ఇచ్చారు. మేం మళ్లీ చప్పట్లు కొట్టాం. మాకు బుద్ధి రాదు.

పది రోజులు తిరక్కుండానే దిమ్మలన్నీ కొండమీదికి చేరిపోయాయి. కింద ఒక్కటీ మిగల్లేదు. దిమ్మ లేనిదే బండి కొండెక్కకూడదు. కొండెక్కితే తప్ప దిమ్మ కిందికి రాదు. గేటు కింద మా బళ్లు కల్యాణమండపం ముందు చెప్పుల్లా వరసకట్టాయి. అప్పుడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. పైనున్న ప్రతి బండీ ముందుగా దిమ్మల్ని కిందికి చేర్చాలి, ఆపైన ఖాళీ ఉంటే సరుకు. తూకం గేటువాళ్ల పుణ్యమా అని ఖాళీ ఉండలేదు. ఇంక మా పని ఏమిటంటే, రాళ్లు కిందికి మొయ్యడం, అవే రాళ్లు పైకి మొయ్యడం. కేబేజీ చేలల్లోనే పూలు పూసింది. కేబేజీకి అంత అందమైన పసుపుపచ్చ పువ్వుంటుందని మా ఊరివాళ్లు చాలామంది అప్పుడే చూశారు.

పై ఆఫీసుకి పోయిన నివేదికలో మాత్రం "ఘాట్ నందు సరుకు వాహనముల ప్రమాదములు శూన్యం" అని ఉందట. నిజమే. సరుకు వాహనాలే శూన్యం.

ఇక సంత ఆడవాళ్ల సంగతి. బండి లేదు గనక నడిచారు. ముందు సీటు దొరికిన ఒకరిద్దరు తప్ప పొద్దున నడిచి దిగారు, సాయంత్రం అందరూ నడిచి ఎక్కారు. నీడపట్టున రోడ్డు పక్కంతా నాచు. బుడ్డమ్మ పిన్ని నాలుగో మలుపులో జారి పడి చెయ్యి బెణికించుకుంది. ఇంకో ఇద్దరు మోకాళ్లు కొట్టుకున్నారు. ఈ సంగతి విని భువనమోహనరావు గారు నిజంగా చలించిపోయారు. ఆ రోజు కూడా భోజనానికి పోలేదు. సిబ్బందిని పిలిచి, "వాహనం జారడానికి మూలకారణం ఏది?" అని అడిగారు.

"తేలికదనం సార్."

"పాదచారి జారడానికి?"

సిబ్బంది ఎంతైనా ప్రభుత్వ ఉద్యోగులు. పాత సమాధానం ఉండగా కొత్తది వెతకరు. "అదే అయ్యుంటుంది సార్" అన్నారు.

అలా పాదచారులకి కూడా దిమ్మలొచ్చాయి. ఐదేసి కిలోలవి. పచ్చరంగు ముద్ర. వీపుకి కట్టుకోవడానికి గుడ్డపట్టీతో సహా ఉచితం. కొండెక్కే ప్రతి మనిషీ విధిగా మోయాలి. ఆ మొదటి గురువారం కిందిగేటు దగ్గర నేను రాళ్ల కోసం బళ్ల వరసలో ఉన్నాను గనక అంతా కళ్లారా చూశాను.

"ఇదేటి బాబూ?" అంది కాసులమ్మత్త.

"జారకుండా ఉండడానికమ్మా. వీపుకి కట్టుకోవాలి" అన్నాడు ఇప్పుడు కిందిగేటుకి మారిన గౌరునాయుడు.

"నా తట్టలో అమ్ముడుపోని అల్లం ఉంది. ఎత్తి సూడు. నీ రాయి కంటే బరువే."

"అల్లం సరుకమ్మా."

"అయితే ఈ మోకాళ్ల నెప్పో? ఇదీ మోస్తానే ఉన్నాను కదా?"

"దానికి ముద్ర నేదమ్మా" అన్నాడు గౌరునాయుడు. అంటున్నప్పుడు తల దించుకున్నాడు, కాదనను.

వెనక నుంచి బుడ్డమ్మ పిన్ని ముందుకొచ్చింది. "నన్ను సూడు బాబూ. నాకింకా బరువు కావాలా?" అంది.

"అది మీ సొంత బరువమ్మా. పెబుత్వం బరువు వేరేగా ఉండాల."

అందరూ రాళ్లు కట్టుకుని కొండెక్కారు. అత్త చీకటి పడ్డాక ఇల్లు చేరింది. మర్నాడు నేను చూడ్డానికెళ్తే, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మోకాళ్లు రెండూ వాచిపోయి నున్నగా మెరుస్తున్నాయి. కోడలు వావిలాకు కాచి కాపడం పెడుతోంది. అత్త ఏమీ మాట్లాడలేదు. నాకు అదే భయమేసింది.

కాళ్లు సర్దుకుని, "ఒచ్చే గురువారం కడసారి ఒస్తానల్లుడా. ఉన్న అల్లం అమ్మేసి, నా జాగా బుడ్డికి అప్పసెప్పేస్తాను" అంది.

నాకు అంతవరకూ ఈ పథకం మీద నవ్వే వచ్చేది. ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది. చచ్చినా సరే ఎక్కించుకుందామా అంటే, మనుషుల్ని ఎక్కించిన బండి వదలరు. నా బండి పోతే మా ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. కోపాన్ని మింగి ఇంటికొచ్చేశాను.

ఆ గురువారమే పథకం చూడ్డానికి రాజధాని నుంచి పెద్దాయన వస్తున్నారని కబురు. ఆయన అవతలి దారిన కారులో నేరుగా కొండమీది అతిథిగృహానికి చేరిపోయారు. మా భువనమోహనరావు గారు శాఖవారి కొత్త పికప్‌లో పూలదండలు, ఫ్లెక్సీలు, శాలువాలు వేసుకుని కిందిగేటు దగ్గరకొచ్చారు. అన్నీ తేలిక సరుకే. గౌరునాయుడు గేటు కర్ర ఎత్తలేదు.

"సార్, జడభారం నేదండి."

"భేష్! ఈ నిబద్ధతే కావాలయ్యా" అని మురిసిపోయారు ఆయన. "దిమ్మలు వేయించు."

"దిమ్మలన్నీ పైనున్నాయండి."

"సరే, గేటెత్తు. నేను అధికారిని."

"అధికారులని ఇందులో రాయనేదండి. అందరికీ సమానమండి."

ఆయన గుమస్తా దగ్గర కాగితం తీసుకుని, తమకి తామే మినహాయింపు రాసుకుని, తామే మంజూరు చేసుకున్నారు. గేటు లేచింది. వాళ్ల డ్రైవరుది చదునునేల, ఘాట్ చూసి చేతులెత్తేశాడు. దిమ్మల్లేక అక్కడే పడున్న నన్ను పిలిచి, "నువ్వు స్థానికుడివి, నడుపు" అన్నారు. నడిపాను.

ఏడో మలుపు దగ్గర ఏం జరగాలో అదే జరిగింది. వెనక చక్రం గిర్రున తిరిగింది, బండి అడుగడుగుగా వెనక్కి జారింది. బ్రేకేసి, కింద రాయి పెట్టించి ఆపాను. వెనక చూస్తే రోడ్డంచు ఎంతో దూరంలో లేదు. ఆయన దిగి, శాలువా కప్పుకుని, లోయలోకి ఒకసారి చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు.

ఆ మలుపులోనే పిట్టగోడ మీద మా కాసులమ్మత్త కూర్చునుంది. పక్కన అల్లం తట్ట, వీపున రాయి. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేనని కూలబడిపోయిందట. చుట్టూ బుడ్డమ్మ పిన్నీ, ఇంకో పదిమంది ఆడవాళ్లూ, వీపుల మీద పచ్చముద్రలతో.

"సార్, ఎనక్కాల బరువు పడితే తప్ప కదలదండి" అన్నాను.

గుమస్తా హుషారుగా, "వీళ్ల దిమ్మలన్నీ తీసి బండిలో వేయిస్తే సార్?" అన్నాడు.

"అవి పాదచారి దిమ్మలయ్యా, పచ్చముద్ర. వాహనానికి ఎర్రముద్రే ఉండాలి" అన్నారు ఆయన. మనిషి ప్రమాదంలో ఉన్నా పద్ధతి తప్పలేదు, దానికి మెచ్చుకోవాలి.

"పోనీ, ఈళ్లనే ఎక్కించుకుందామండి. ఊరికి చేరిపోతారు, మనమూ చేరిపోతాం."

"మనుషులు బరువు కారు! అది నా సిద్ధాంతం."

ఇంతలో ఫోను మోగింది. పెద్దాయన. "ఏమయ్యా, ఎక్కడున్నావ్? నేను గంట నుంచీ దండ కోసం చూస్తున్నాను" అన్న మాట మా అందరికీ వినపడింది. భువనమోహనరావు గారు ఫోను పెట్టేసి, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచారు. నడిచి నడిచి, మొహం వెలిగిపోతుండగా ఆగారు.

"రాసుకోవయ్యా" అన్నారు గుమస్తాతో. "మాట్లాడనిదియు, కదలనిదియు, తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకొననిదియు అగు ప్రతిదియు జడభారముగా పరిగణింపబడును. సదరు లక్షణములు గల సంత మహిళలను, ముద్ర వేసిన మీదట, వాహనమున ఎక్కించవచ్చును."

గుమస్తా సంచిలోంచి ఎర్రసిరా ముద్ర బయటికి తీశాడు.

"అంటే ఏటి బాబూ, నోరు మూసుకుని కూకోమనేనా?" అంది అత్త.

"అంతేనమ్మా. నోరు విప్పితే మనిషి కింద లెక్క. మనిషైతే దింపేయాల్సొస్తుంది."

అత్త తన మోకాళ్ల వైపు చూసుకుంది. మిగిలిన నాలుగు మలుపుల వైపు చూసింది. తర్వాత కుడిచెయ్యి ముందుకి చాపింది. ఆవిడని చూసి అందరూ చాపారు. గుమస్తా ఒక్కొక్కరి చెయ్యి మీదా టపీ టపీమని కొట్టుకుంటూ పోయాడు. మనుషుల్ని వీపు రాళ్లు విప్పించి బండిలోకి ఎక్కించాం. బుడ్డమ్మ పిన్ని అలవాటు తప్పి చివర కూర్చుంది. అత్త నోరు తెరవబోయి, చప్పున మూసేసింది. నేనే దిగి వెళ్లి, పిన్నిని ఇరుసు మీదికి జరిపాను.

బండి పట్టుకుంది. ఒక్క జారు కూడా జారకుండా మలుపులన్నీ ఎక్కేసింది. అంత నిశ్శబ్దంగా ఆ ఘాట్ నేనెన్నడూ ఎక్కలేదు. అద్దంలోంచి చూస్తే పన్నెండు మందీ రాళ్లలాగే కూర్చున్నారు.

అతిథిగృహం ముందు పెద్దాయన దండ వేయించుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "వీళ్లెవరు?"

"ప్రామాణిక జడభారం సార్. కొత్త నమూనా. స్థానికంగా లభ్యం, ఎక్కించడానికి కూలీలు అక్కర్లేదు, తామే ఎక్కుతాయి."

"అద్భుతం" అన్నారు పెద్దాయన. ఆయనా మంచివాడేనేమో, అత్త ముందాగి మెత్తగా అడిగారు. "ఏం పెద్దమ్మా, ఈ పథకం వల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా? ఉంటే భయపడకుండా చెప్పు. ఇప్పుడే తీర్చేస్తాను."

అత్తని ఒక ప్రశ్న అడిగి జవాబు లేకుండా పోయినవాడు మా చుట్టుపక్కల ఊళ్లలో లేడు. చెబితే ఇక్కడే చెప్పాలి, ఈయనకే చెప్పాలి, ఇంతకంటే పెద్దవాడు మళ్లీ మా కొండకి రాడు. చెబితే ఆవిడ మనిషి. మనిషైతే వచ్చే గురువారం నుంచీ నడక. అత్త దవడలు బిగుసుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వైపు రెప్ప వెయ్యకుండా చూస్తూ అలాగే కూర్చుంది.

పెద్దాయన మిగతావాళ్లని కూడా వరసగా అడిగారు. ఎవరూ పెదవి కదపలేదు.

"ఇంతమందిలో ఒక్క ఫిర్యాదు లేదు!" అన్నారు ఆయన. "నా సర్వీసులో ఇలాంటి పథకం చూడలేదయ్యా." అక్కడికక్కడే దాన్ని శాశ్వతం చేశారు. ముద్ర మాత్రం స్పష్టంగా ఉండాలి, చెరిగిన బరువు చెల్లదు, కొత్త ముద్రలు ఏడాదికోసారే అన్నారు. భువనమోహనరావు గారికి శాలువా కప్పారు. ఆయన కళ్లు చెమర్చాయి. మేమందరం చప్పట్లు కొట్టాం, బండిలో ఉన్నవాళ్లు తప్ప.

సాయంత్రం అదే బండిలో ఊళ్లో అందర్నీ దింపి, అత్త అల్లం తట్ట పట్టుకుని వాళ్లింటి దాకా వెళ్లాను. దారిలో ఇప్పుడైనా తిడుతుందేమో, తిడితే నాకూ తేలికపడుతుందని చూశాను. ఒక్క మాట అనలేదు. కోడలు అన్నం పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చింది. అత్త కుడిచేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి, మణికట్టు దగ్గర దారంతో గట్టిగా కట్టించుకుంది. ఎడమచేత్తో అన్నం కలపసాగింది.

"అదేటత్తా, ఎడం సేత్తోనా?" అన్నాను.

"తడి తగిలి సెరిగిపోతే మల్లీ మనిసినైపోతాను కదరా" అంది.